ట్వీడ్ ఒడ్డు నుంచి రెండు ఉత్తరాలు

కెల్సో, సెప్టెంబరు, బుధవారం

నాన్నగారూ,

ఎడింబరో చూసినవాళ్లు ఎక్కువగా ఉత్తరాన కొండల వైపు వెళతారు. నేను దక్షిణంగా ఇంగ్లండ్ సరిహద్దు దగ్గరికి వచ్చాను. ట్వీడ్, టీవియట్ నదులు కలిసేచోట ఉన్న చిన్న ఊరు కెల్సో. దాని నడిమధ్య రాళ్లు పరిచిన విశాలమైన సంత మైదానం ఉంది. ఒకప్పుడు ఎద్దులను కట్టేసిన చోటు ఆ రాళ్లలోనే వలయంగా గుర్తుపెట్టి ఉంది. ఆ చుట్టుపక్కల వీధులకు గుర్రాల సంత, కట్టెల సంత, బొగ్గు సంత అని పేర్లు. ఊరి చరిత్ర అడగడానికి మ్యూజియం దాకా పోనక్కర్లేదు.

సంతకు నాలుగడుగుల దూరంలో పాత మఠం ఉంది. 1128లో స్కాట్లాండ్ రాజు డేవిడ్ సన్యాసులను ఇక్కడికి తెచ్చి స్థాపించాడు. 1545లో ఇంగ్లండ్ సైన్యం వచ్చి పడగొట్టింది. ఇప్పుడు పడమటి కొసన కొంత భాగమే నిలిచి ఉంది. అయినా ఆ గోడల మందం చూస్తే, అంత బలమైన కట్టడాన్ని కూల్చడానికి ఎంత కసి కావాలో అనిపించి మనసు చివుక్కుమంది.

—

కెల్సో, శుక్రవారం రాత్రి

నాన్నగారూ,

కెల్సో పక్కనే ఒకప్పుడు ఉన్న రాక్స్‌బరో గురించి చెప్పాలి. ఒకప్పుడు స్కాట్లాండ్‌లో పేరున్న నాలుగు పట్టణాల్లో అదొకటి. రాజుగారి కోట, నాణేల ముద్రణ, చర్చిలు అన్నీ ఉండేవి. సరిహద్దులో ఉండటమే దాని పాపం. ఇంగ్లీషువాళ్లు పట్టుకోవడం, స్కాట్లు తిరిగి లాక్కోవడం. 1460లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ కోటను ముట్టడిస్తుండగా, పక్కనే ఉన్న తన ఫిరంగి పేలి చనిపోయాడు. పసివాడైన కొడుక్కి కెల్సో మఠంలోనే పట్టం కట్టారు. కోట దక్కింది, కానీ శత్రువుకు మళ్లీ చిక్కకూడదని స్కాట్లే దాన్ని కూల్చేశారు. పట్టణం నిలబడ్డ చోట ఇప్పుడు పచ్చిక, మేసే పశువులు. రాజులకు ముఖ్యమైన ఊరు పోయింది, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ వచ్చిన కెల్సో నిలిచింది. నాకిది న్యాయంగానే తోచింది.

కెల్సోలో ట్వీడ్ మీద ఇంజనీరు జాన్ రెన్నీ కట్టిన అయిదు కమానుల వంతెన 1803 నాటిది. పాతది 1797 వరదలో కొట్టుకుపోయింది. వంతెన దాటే సుంకం ఎన్నేళ్లైనా ఎత్తేయకపోతే 1854లో జనం తిరగబడ్డారు. రచయిత వాల్టర్ స్కాట్ చిన్నప్పుడు ఇక్కడే బడికి వెళ్లాడు. ఆయన సేకరించిన సరిహద్దు గాథల మొదటి రెండు సంపుటాలు 1802లో ఇక్కడే అచ్చయ్యాయి.

ఈ రోజంతా వంతెన అవతల స్ప్రింగ్‌వుడ్ పార్కులో పొట్టేళ్ల వేలం చూశాను. 1838 నుంచి ఏటా సెప్టెంబరులో జరుగుతోందట. ఒకేసారి పక్కపక్కనే ఎన్నో వేలాలు. వేలం వేసేవాడి గొంతు మన చెవికి అందదు, అంకెలు ఒకదాని మీదొకటి దొర్లిపోతాయి. కొనేవాడు నోరెత్తడు, తల కొద్దిగా ఊపుతాడు, అంతే. నా పక్కనున్న ముసలాయన మాత్రం పాట మొదలుకాకముందే దొడ్డిలోకి వెళ్లాడు. పొట్టేలు పెదవి పైకెత్తి పళ్లు చూశాడు, ఉన్నిలోకి వేళ్లు దూర్చి నడుము కండ నొక్కాడు, వెనక్కి జరిగి కాళ్లు చూశాడు. ఒక్కమాట మాట్లాడలేదు. తర్వాత అదే పొట్టేలును పాడి కొన్నాడు.

మన వైపు సంతలో మీరు మొదట చూసేది పళ్లా, నడకా? ఉత్తరంలో తప్పకుండా రాయండి.