ఏరిత్ మరణము – సిడ్ తాత పథ్యము

టెలివిజను తెరపై పిల్లలాడు ఆటలను గూర్చి సంఘము వారి సంచికలో వ్రాయుట కొందఱు చదువరులకు వింతగా తోచవచ్చును. కాని బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను, యానాములోనైనను మన యిండ్ల పిల్లలు నేడు వినుచున్న కథలలో పెక్కు ఆ తెర నుండియే వచ్చుచున్నవి. వాని మంచిచెడ్డలను పెద్దలు విచారింపనిచో మఱెవ్వరు విచారింతురు? ఈ తలంపుతో మేము మా మనుమని ప్రక్కన కుర్చీ వేసికొని రెండు ఆటలను మొదలు నుండి తుద వరకు చూచితిమి. చూచిన పిమ్మట, వానిని గూర్చి లోకులు చెప్పు మాట మాకు సమ్మతము కాలేదు.

తెలియనివారికై కొంచెము చెప్పవలెను. వీనిని రోల్ ప్లేయింగ్ ఆటలందురు; అనగా వేషము కట్టి ఆడునవి. వీధిభాగవతమున వేషగాడు కథలోనికి దిగినట్లు, ఇందు ఆడువాడు ఒక పాత్రలో దిగి, ఊళ్ళు తిరిగి, శత్రువులతో పోరి, బలము పెంచుకొనుచు కథను నడుపును. జపాను దేశమున ఎనిక్స్ సంస్థ 1986లో ‘డ్రాగన్ క్వెస్ట్’ను, స్క్వేర్ సంస్థ 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ని వెలువరించినవి. ఈ రెండవ వరుసలో ఆఱవది 1994లోను, ఏడవది 1997లోను వచ్చినవి. ఆఱవది మూడు మెగాబైట్ల కాట్రిజ్‌లో ఇమిడినది. అందలి మనుష్యులు వ్రేలెడేసి బొమ్మలు. ఏడవది మూడు కాంపాక్టు డిస్కులను నింపినది. మూడేండ్లలో పూరిల్లు మేడ యైనదన్నమాట. ఆఱవ దానికి దర్శకత్వము వహించిన యిద్దఱిలో యోషినోరి కితాసె ఒకరు. ఏడవ దానికి ఆయనయే దర్శకుడు. రెంటికిని సంగీతము కూర్చినవారు నోబువో ఉఎమత్సు. కావున ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుట అన్యాయము కాదు.

ఏడవ కథలో ఏరిత్ అను పూలమ్ము చిన్నది కలదు. మొదటి డిస్కు ముగియబోవు వేళ, ఆమె లోకరక్షణకై మోకరిల్లి ప్రార్థించుచుండగా, సెఫిరోత్ అను క్రూరుడు పైనుండి దిగి కత్తితో పొడిచి చంపును. కథానాయకుడైన క్లౌడ్ ఆమెను చేతులపై ఎత్తుకొనిపోయి నీటిలో విడుచును. హత్య జరిగిన వెంటనే ఒక యుద్ధము వచ్చును గాని, అందు యుద్ధవాద్యములు మ్రోగవు. ఆమె పాటయే మ్రోగుచుండును. ఆటల చరిత్రలో ఇంతటి దుఃఖఘట్టము మఱియొకటి లేదని లోకాభిప్రాయము. 2020లోను, 2024లోను ఆ కథను క్రొత్తగా కట్టి విడుదల చేసినప్పుడు సైతము, ఈసారి యామె బ్రదుకునా యని జనులు ఆత్రపడిరి.

ఆ ఘట్టము బాగుగ లేదని మేమనము. ఆ యుద్ధమునందు పాట మాఱకుండుట మాకును గొంతు పట్టివేసినది. మేము కాదనునది వేఱొకటి. అది ఆట చేసిన పని కాదు, కథ చేసిన పని. బుఱ్ఱకథలో అభిమన్యుడు పద్మవ్యూహమున పడినప్పుడు వినువారు చేయగలిగినది కొంగుతో కన్నులొత్తుకొనుట యొక్కటియే. మన పెద్దలు రాత్రులు మేల్కొని తోలుబొమ్మలాటలో అట్లే ఏడ్చిరి. ఏరిత్ చావునందును ఆడువాడు ఏ మీట నొక్కినను ఆమె బ్రదుకదు. అతడా క్షణమున ఆటగాడు కాడు, శ్రోత. మన తాతముత్తాతలు లాంతరు వెలుగున పొందిన దుఃఖమునే విద్యుత్తుపై పొంది, ఇది మున్నెన్నడును లేదనుట మాకు సబబుగా తోచలేదు.

దీనికి వారొక సమాధానము చెప్పుదురు. ఆటగాడు ఆ పిల్లను గంటల తరబడి వెంట త్రిప్పి, ఆమెకు బలమును విద్యలను గడించి పెట్టినాడు గదా, అదంతయు ఒక్క వ్రేటున పోయినందుననే ఆ బాధ యని. నిజమే. కాని ముప్పదియేండ్లు జమాఖర్చులు వ్రాసిన గుమాస్తాలము గనుక చెప్పుచున్నాము: జమ పోయిన బాధ వేఱు, మనిషి పోయిన బాధ వేఱు. మొదటి దానిని రెండవ దాని పద్దులో వ్రాయరాదు.

ఇంకొక సంగతియు కలదు. ఈ ఆటలో ఫీనిక్స్ డౌన్ అను పక్షి యీక యొకటి యున్నది. యుద్ధములో పడిపోయినవారిని అది లేపును. ‘ఏరిత్‌పై ఆ యీకను ఏల వాడలేదు?’ అని పిల్లలు ఎగతాళి చేయుచుందురు. ఇచట మేము ఏడవ కథ పక్షముననే నిలుతుము. లక్ష్మణునికి సంజీవి వచ్చినది, అభిమన్యునికి రాలేదు. గర్భమున మరణించిన పరీక్షిత్తును బ్రదికించిన కృష్ణుడే, మేనల్లుని మాత్రము బ్రదికింపలేదు. అది ఎందులకని మన పెద్దలెవ్వరును ఎగతాళి చేయలేదు. అయితే ఆ రోజులలో ఏరిత్‌ను మఱల బ్రదికించు ఉపాయ మెక్కడనో దాగియున్నదని వదంతులు పుట్టగా ఎందఱో ఆటగాండ్రు పట్టువిడువక వెదకిరట. ఉపాయము లేదు. కాని ఆ వెదకులాట మాకు ఆ మరణఘట్టము కంటె మిక్కిలి నచ్చినది. ప్రేమించినవారి చేతులకు పని కావలెను. ఏడవ కథ వారికి ఆ పని నీయలేదు.

ఆఱవ కథ ఇచ్చినది. లోకము దానిని తగినంత చూడకపోవుటకు కారణములు లేకపోలేదు. అమెరికాలో దానిని ‘మూడవది’ యని పేరు మార్చి అమ్మిరి, నడిమి భాగములు కొన్ని అక్కడికి అంతవఱకు పోలేదు గనుక. ఐరోపాకు 2002 వరకు అది చేరనే లేదు. పడమటి దేశముల పిల్లలకు పెక్కుమందికి ఏడవదియే మొదటిది. మొదట విన్న హరికథ వలె అది చెవిని విడువదు. మా మనుమడు 2023లో కన్సోళ్ళకు వచ్చిన క్రొత్త ముద్రణలో ఆఱవదానిని ఆడినాడు. బొమ్మలు చూచి మొదట మూతి విఱిచినాడు కూడ.

ఆ కథ నడుమ కెఫ్కా అను విదూషకుని వేషపు దుర్మార్గుడు లోకమునే విఱుగగొట్టును. ప్రళయము తరువాత ఒక యేడాదికి, సెలిస్ అను యువతి ఒక నిర్జన ద్వీపమున కన్ను తెఱచును. ఆమె వెనుకటి సామ్రాజ్యమున సేనాని. ఆ యేడాది పొడవున ఆమెకు శుశ్రూష చేసినవాడు సిడ్ అను వృద్ధుడు. ఆమె లేచునప్పటికి అతడు మంచము పట్టును. కొన్ని దినములుగా అన్నము లేదు. నా యనువారెవ్వరును లేని యా పిల్ల అతనిని తాతా యని పిలుచును. మేము చూచిన యాంగ్లపు మాటలను మా మనుమడు మాకు తెలుగున చెప్పుచుండెను. బడిలో వాని మాట వేఱు, వీధిలో వేఱు. ఇంత తెలుగు వాడు ఒక్కమాఱు మాటలాడుట మేము వినియుండలేదు. ‘తాతయ్యా’ అని వాడనినప్పుడెల్ల పిలుపు తెరలోని వానికో, కుర్చీలోని మాకో తెలియక రెండు మూడు మాఱులు పలికితిమి.

పిదప జరుగవలసినది మిక్కిలి చిన్న పని. సముద్రపు టొడ్డునకు పోయి చేపలు పట్టి తెచ్చి సిడ్‌కు పెట్టవలెను. చుఱుకుగా ఈదునవి మంచివి, పట్టుట కష్టము. మెల్లగా ఈదునవి చెడ్డవి, సులభముగా చిక్కును; అవి తిన్న రోగి యింకను క్షీణించును. ఆలస్యమైనను క్షీణించును. ఈ లెక్కను ఆట యెచటను విప్పి చెప్పదు. గోపాలపురము రేవున మొప్పల ఎఱుపు చూడక చేప కొననివారము మేము. బాలింతకు సొరపిట్టు, జ్వరము తగ్గినవానికి కొరమీను పులుసు అని యెఱిగిన యిండ్లలో ఈ లెక్క ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

సిడ్ బ్రదుకవచ్చును, చావవచ్చును. చచ్చినచో సెలిస్ నిరాశతో కొండకొమ్ము నుండి దూకును. అయినను ప్రాణము పోదు. ఒడ్డున తెలివి వచ్చినప్పుడు తన స్నేహితుని తలగుడ్డ కట్టిన సముద్రపక్షి కనబడును. తరువాత తాత వ్రాసిన లేఖ దొరకును. బ్రదికినచో ఇవి యేవియు లేవు. అతడు లేచి, నాలుగు మాటలాడి, తాను రహస్యముగా కట్టిన తెప్పను చూపును. అంతే.

ఈ ఆటలలో ఆరితేరినవారిలో పెక్కుమంది యిచ్చు సలహా యేమన, ‘సిడ్‌ను చావనిండు, కథ రక్తి కట్టును’ అని. మా మనుమని మిత్రులు గూడ అదియే చెప్పిరి. దీనిని మేము ఎంతమాత్రము ఒప్పము. ఏడాదిపాటు తన నోటిలో నీరు పోసిన ముసలివానికి, రసము చిక్కబడునని తెలిసి తెలిసి చెడ్డచేప పెట్టుటయా? ముసలివారు పోయిన బాగుండునను మాట మేము ఆటలోనే గాదు, ఇండ్లలోను వినియున్నాము; అచట దానికి విముక్తి యని పేరు. మా తండ్రిగారు కడపటి పదునాలుగు మాసములు మంచమున నుండిరి. పూటపూటకు చెంచాతో జావ పోసినవారము మేము. వారు కోలుకొనలేదు. అయినను ఏ పూటను పోసిన జావయు వ్యర్థమని మాకు తోచలేదు.

సిడ్ బ్రదికిన ఘట్టము చప్పగా నుండుననుట కూడ మాకు అర్థము కాలేదు. కోలుకొన్న రోగి ఉపన్యాస మీయడు. లేచి కూర్చుండి, కిటికీ తెఱువుమనును. లేదా తువ్వాలు ఎక్కడనని యడుగును. ఇల్లంతకు అదియే పండుగ. వ్రేలెడంత బొమ్మ మంచము దిగి నాలుగడుగులు వేయుట చూచి మా యింట ముగ్గురము లేచి నిలిచితిమి. మా కోడలు వంటయింటి నుండి గరిటెతో వచ్చినది.

అంతకు ముందు మా మనుమడు ఒక్క క్షణము సంశయించినాడు. ‘‘తాతయ్యా, వదిలేద్దామా? అందరూ అలాగే చెయ్యమంటున్నారు’’ అని యడిగెను. ‘‘ముందు చేప పట్టరా, తరవాత చూద్దాం’’ అని మేమంటిమి. వాడు అరగంట సేపు ఆ యొడ్డునకు, ఆ గుడిసెకు తిరిగినాడు. మెల్లని చేప కాలికి తగులుచున్నను వదలి, చుఱుకైన దాని వెంట పరుగెత్తినాడు. యుద్ధము లేదు, గెలుపు లేదు, బలము పెరుగుట లేదు. ఇంత ఓపిక వానికి పాఠములలో నున్నచో వాని తండ్రి సంతోషించెడివాడు.

తుదకు తాత లేచెను, తెప్ప బయటికి వచ్చెను, సెలిస్ దానిపై వెడలిపోయెను. సిడ్ ద్వీపముననే ఉండిపోయెను. తెర మీద సముద్రము వచ్చినప్పుడు మా మనుమడు ఆట నాపి, మా వైపు తిరిగి, ‘‘మరి ఆయనకి ఇంక చేపలు ఎవరు పడతారు, తాతయ్యా?’’ అని యడిగెను.

‘‘లేచి తిరుగుతున్నాడు కదరా, తనే పట్టుకుంటాడు’’ అంటిమి.