నిండిన ఇంటికి పురుగు పట్టదు

మా ఇంటి పెరట్లో చింతచెట్టు నీడన రెండు తేనెపెట్టెలున్నవి. 2022వ సంవత్సరంలో, దసరా ముందర, అందులో ఒకదాన్ని నా చేతులారా పోగొట్టుకొన్నాను. అది ఎట్లా పోయిందో, రెండవది ఎట్లా దక్కిందో చెప్పటానికే ఈ నాలుగు మాటలు. నేను పండితుణ్ణి కాను. రచయితను అంతకన్నా కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, శ్రీనివాసపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా వున్నాను. పగలంతా కన్నడంలో ఫైళ్ళు వ్రాసి, సాయంత్రం ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడే మనవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తప్పులుంటే చదువరులు మన్నింతురుగాక.

తేనెటీగల పిచ్చి మా నాయనది. కన్నడంలో తుడువె అనే మన దేశపు ఈగను చట్రాల పెట్టెలో పెంచే విద్యను 1911 ప్రాంతంలో న్యూటన్ అనే పాదరీ తిరుచిరాపల్లి వైపు పల్లెలవాళ్ళకు నేర్పించారు. ఆయన పేరిటి పెట్టెలే మా ఇంట్లో ఎనిమిది వుండేవి. 1991-92లో థాయి సాక్‌బ్రూడ్ అనే రోగం వచ్చింది. పిల్లపురుగులు తిత్తుల్లాగా ఉబ్బి చచ్చిపోయేవి. దక్షిణ దేశమంతటా ఈ ఈగల కుటుంబాలు చాలా భాగం తుడుచుకొని పోయినవి. మా ఎనిమిది పెట్టెలూ ఖాళీ. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ పెట్టెలను ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి ముందు నాయన తల పట్టుకొని కూర్చోవటం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్లే వున్నది. కొన్నేళ్ళ తరువాత ఒక పాడుబావి గోడ తొర్రలో బ్రతికి బట్టకట్టిన కుటుంబం ఒకటి ఆయన కంటబడింది. దాన్ని తెచ్చి పెట్టెలో కాపురం పెట్టించారు. మా రెండు పెట్టెలూ ఆ బావి సంతానమే.

నాయనకు కంటిచూపు మందగించినప్పటినుంచి పెట్టెల పెత్తనం నాకు వచ్చింది. ఆ వేసవిలో కానుగ విరగబూసి తేనె బాగా దిగింది. ఆఫీసులో “నమగూ ఒందు బాటలి” అని అడిగినవారికల్లా సీసాలు అమ్ముతూ పోయాను. వానకాలానికి ఈగల వంతు కొంత వుంచమని నాయన చెప్పనే చెప్పారు. “అట్లే నాయనా” అన్నాను గాని వుంచలేదు. పైగా, ఇల్లు విశాలంగా వుంటే సంసారం పెరుగుతుందనే తెలివితో క్రింది అరలో ఏడు చట్రాలనూ కదపకుండా వదిలాను.

ఆ యేడు మా వైపు వానలు విడవకుండా కురిసినవి. వానలో ఈగ బయటికి పోదు. పోయినా తడిసిన పువ్వులో దానికి దొరికేది తక్కువ. గాదె నిండుకొంటే రాణి ఈగ గ్రుడ్లు పెట్టటం తగ్గిస్తుంది. ముసలి ఈగలు రాలిపోతుంటవి, వాటి చోటికి కొత్తవి రావు. నేనేమో గొడుగు వేసుకొని ఆఫీసుకు పోయి వస్తున్నాను గాని, ఒక్కనాడూ మూత ఎత్తి చూడలేదు. మహాలయ అమావాస్యనాడు ఇల్లు దులుపుతూ మా ఆవిడ, “మీ ఈగల ఇంటికి దులుపుడు లేదాండీ?” అని వేళాకోళం చేసింది. పోయి మూత తీశాను.

ఈగ ఒక్కటీ లేదు. చట్రాలన్నీ సాలెగూడు వంటి తెల్లని దారాలతో అల్లుకొని పోయినవి. ఆ దారాల సొరంగాలలో బూడిదరంగు పురుగులు, చుట్టూ నల్లని రెట్ట. అదే మైనపు పురుగు. దాని తల్లి మట్టిరంగు రెక్కల పురుగు. రాత్రిపూట వచ్చి సందుల్లో గ్రుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు మైనపు పట్టును లోపలినుంచి తొలుచుకొంటూ పోతవి. ఇల్లు పాడైతే మన ఈగ అక్కడే పడి వుండదు. కట్టుబట్టలతో ఊరు విడిచినట్లు వెళ్ళిపోతుంది.

నాయనకు చెప్పటానికి నోరు రాలేదు. మూడు రోజులు దాచాను. నాలుగవనాటి సాయంత్రం ఆయన కర్ర ఊతగా పెరట్లోకి వచ్చి, ఎప్పటివలె పెట్టెకు చెవి ఆనించి వేలితో తట్టారు. నిండిన పెట్టెను తడితే లోపల ఒక్కసారి “బుస్సు”మని అణగిపోతుంది. ఏ శబ్దమూ రాలేదు.

“ఇది పోయింది. ఎప్పుడు చూసినావు?” అన్నారు.

“అమావాస్యనాడు.”

ఆయన కోప్పడినా బాగుండును. రెండవ పెట్టెను తట్టి, చాలాసేపు విని, “దీంట్లో వుండారు. పిడికెడే వుండారు. పురుగును తిట్టి లాభం లేదురా. నిండిన ఇంటికి పురుగు పట్టదు. మూడు చట్రాల కుటుంబానికి ఏడు చట్రాల ఇల్లు ఇచ్చినావు. తక్కిన నాలుగూ ఎవరు కాయాల?” అన్నారు.

మరునాడు ఆయన ముక్కాలిపీట వేసుకొని కూర్చొన్నారు. మాట ఆయనది, చేతులు నావి. ఈగలు కప్పుకొని వున్న మూడు చట్రాలను మాత్రమే వుంచి, ప్రక్కన ఒక పలక అడ్డం పెట్టి ఇల్లు చిన్నది చేశాము. తీసిన పాత పట్లను వేడినీళ్ళలో కరిగించి మైనం చేశాము. తరువాత అడుగు పలక. మన ఈగ పాత మైనాన్ని కొరికి క్రింద రాలుస్తుంది. ఆ పొడే మైనపు పురుగుకు ఉయ్యాల. అందుచేత వారానికొకసారి పలకను గీకి, ఎండలో పెట్టి, గీకిన చెత్తను కాల్చివేయాలి. ఇటలీ ఈగ చెట్లబంక తెచ్చి తన ఇంటి సందులను తానే పూడ్చుకొంటుంది. మన ఈగకు ఆ అలవాటు లేదు. కాబట్టి పేడా మట్టీ కలిపి ఆ పని మనమే చేయాలి.

చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో నిలబెట్టాము. అంగడివాడు చీమల పొడి ఇవ్వబోతే నాయన వద్దన్నారు. చీమను చంపే మందు ఈగను వదలదు గదా! చక్కెరా నీళ్ళూ సమంగా కలిపి సాయంత్రంపూట పెట్టె లోపలనే వుంచాము. ఒక్క చుక్క బయట ఒలికినా చీమలకూ పొరుగు ఈగలకూ పిలుపు అందినట్లే.

ఆ వారంలోనే ఆఫీసులో ఆయుధపూజ. రికార్డు గది దులుపుతుంటే చెద తిన్న కట్టలు కొన్ని బయటపడ్డవి. అన్నీ ఏళ్ళ తరబడి ఎవరూ విప్పనివే. రోజూ చేతులు మారే ఫైలుకు చెద పట్టినట్లు నా సర్వీసులో చూడలేదు. ఇన్నేళ్ళు ఈ గదిలో తిరిగినవాడికి, ఇంటి పెరట్లో ఆ సంగతి తోచకపోవటమే విచిత్రం.

మైనపు పురుగు బెడద తీరిందనుకొంటే, పెద్ద కందిరీగ దిగింది. కన్నడంలో కణజ అంటారు. వానలు తగ్గే వేళకు వాటి గూళ్ళు బాగా పెరిగి వుంటవి. పిల్లలకు మాంసం కావాలి. తేనెపెట్టె వాకిట గాలిలో నిలిచి, వచ్చే ఈగనూ పోయే ఈగనూ తన్నుకుపోతుంది. వాకిలిని ఈగ దూరేంత సన్నగా చేశాము. ఉదయం ఆఫీసుకు పోయేముందు పావుగంట, మా పిల్లవాడి బ్యాడ్మింటన్ బ్యాటు పట్టుకొని నేనే జవానునయ్యాను. ప్రక్కింటివాళ్ళు గోడమీదినుంచి నవ్వారు.

ఒకనాడు ఒక కందిరీగ నా బ్యాటు తప్పించుకొని వాకిటిమీద వాలింది. క్షణంలో ఈగలు దాన్ని కమ్ముకొని ముద్దకట్టినవి. కొంతసేపటికి ముద్ద విడింది. కందిరీగ చచ్చి పడివుంది. ఈగలు కుట్టి చంపటం కాదు, ఉడికించి చంపటమట. తమ కండరాలను వణికించి వేడి పుట్టిస్తవి. జపాను శాస్త్రజ్ఞులు ఈ మన ఈగ జాతిమీదనే పరీక్షచేసి 1995లో ప్రకటించారు. ముద్ద లోపలి వేడి సుమారు 47 డిగ్రీలు. దానికి కందిరీగ చస్తుంది. ఈగ ఇంకొక డిగ్రీ రెండు డిగ్రీలు ఓర్చుకోగలదు. ఆ కొద్ది తేడామీద సంసారం నిలుస్తున్నది! నాయనకు చెబితే, “దానికీ మంది కావాల గదా” అన్నారు.

కార్తీకంలో రాగి చేలల్లో హుచ్చెళ్ళు పచ్చగా పూసినవి. వాళ్ళకది పిచ్చినువ్వు, మనకు వెర్రినువ్వు. రెండు భాషలవాళ్ళూ పిచ్చిదన్నారు గాని ఈగకు అదే అన్నదాత. నెల తిరిగేసరికి మూడు చట్రాలు ఐదైనవి. కుటుంబం పెరిగినకొద్దీ ఒక్కొక్క చట్రమే ఇస్తూ వచ్చాము. ఆఫీసులో సీసాలు అడిగినవారికి, “ఈ యేడు పంట ఈగలదే” అని చెప్పాను. 2023 వసంతంలో ఆ కుటుంబాన్నే రెండుగా విడదీసి ఖాళీ పెట్టెను నింపాము.

మీ పెరట్లో తేనెపెట్టె వుంటే, దసరాకు ఇల్లు దులిపేనాడే దాని మూత కూడా తీసి చూడండి. ఈగలు కప్పని పట్టు ఒక్కటి కూడా లోపల వుంచకండి. తేనె తీసేనాడు వాటి వానకాలాన్ని కాస్త తలచుకోండి.

ఆ వసంతంలో విడదీసిన పదవరోజున నాయన కొత్త పెట్టెకు చెవి ఆనించి వేలితో తట్టారు. ప్రక్కన నిలబడిన నాకు కూడా “బుస్సు”మని వినిపించింది.

“వుండారు” అన్నారు.