చూరు లైట్ల లెక్క

మా ఇంటి చూరు చుట్టూ లైట్లు పెట్టడానికి వచ్చిన మొదటి అంచనా 29,200 రూపాయలు. అందులో లైట్ల ధర 8,400. మిగతాదంతా వైరు, పైపులు, కూలి, పైకి ఎక్కడానికి కట్టాల్సిన పరంజా. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైలులో ఉంది. కొనే వస్తువు ఖరీదు మూడో వంతు కూడా లేనప్పుడు, బేరం ఆడాల్సింది ఆ వస్తువు దగ్గర కాదని అర్థమైంది.

హనుమకొండలో మాది పైన ఒక అంతస్తు వేసిన ఇల్లు. శ్లాబు గోడ దాటి రెండడుగులు బయటికి ఉంటుంది. ముందు వైపు వాలుగా పోసి పెంకు పరిపించాం కాబట్టి చూరు అని ధైర్యంగా అనొచ్చు. మా కాలనీలో కొత్తగా కట్టిన ఇళ్లన్నిటికీ ఈ లైట్లు ఉంటున్నాయి. దీపాలు పెట్టే వేళకు ఒకటి రెండు ఇళ్లు ఫంక్షన్ హాళ్లలా వెలిగిపోతాయి. మా ఆవిడకు అంత వెలుగు అక్కర్లేదు. మెట్ల దగ్గర, వెనక బోరింగు పక్కన చీకటి పోతే చాలంది. రాత్రి పూట నల్లా వచ్చే వీధిలో అది చిన్న కోరికేం కాదు.

ఎలక్ట్రీషియన్ మాత్రం ముందూ రెండు పక్కలా నాలుగడుగులకొకటి చొప్పున 24 లైట్లు గీశాడు. సగం చాలవా అంటే, "ఇంత పెట్టి ఇల్లు కట్టుకున్నరు, లైట్ల కాడ చూస్తె ఎట్ల సార్?" అన్నాడు. అతని వైపు నుంచి అది సబబే. కూలి పాయింటుకు 300 అయినప్పుడు పాయింట్లు పెరగడం అతనికి బతుకుదెరువు. తగ్గించే పని నాది.

అసలు ఇన్ని లైట్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తోందంటే, ఎల్‌ఈడీ అంత చవకైపోయింది కాబట్టే. 2014 మొదట్లో ఒక్కో బల్బుకు 310 రూపాయలు పెట్టిన ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్, మూడేళ్లు తిరక్కుండా 38 రూపాయలకే టెండరులో సంపాదించింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద ఆ బల్బులు ఇంటింటికీ చేరాయి. మా నాన్న వరండాలో వెలిగించిన 60 వాట్ల గుండు బల్బు లాగినదానికి ఇంచుమించు సమానమైన కరెంటుతో ఇవాళ మా చూరంతా వెలుగుతోంది. ఆయన ఆ ఒక్క బల్బునూ భోజనాలు కాగానే ఆర్పించేవాడు. మనకు వాట్లు తగ్గాయి, ఆర్పడం మర్చిపోయాం. మిగిలిన వాట్లతో ఇంకో పది లైట్లు తగిలించుకున్నాం.

కరెంటు లెక్క ఇక్కడ కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని యూనిట్ల లెక్కగానే చూస్తారు. 24 లైట్లు, ఒక్కోటి 12 వాట్లు, మొత్తం 288 వాట్లు. రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు దాదాపు 52 యూనిట్లు. యూనిట్‌కు ఐదు రూపాయలనుకుంటే 260, పోనీలే అనిపిస్తుంది. కానీ తెలంగాణ బిల్లులో 200 యూనిట్ల దగ్గర ఒక మెట్టుంది. వంద దాటి 200 లోపు వాడితే మొదటి వంద యూనిట్లకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి 5.10 అవుతుంది, ఆపైన మూడు వందల దాకా 7.70. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు కట్టేవాడు ఒక్క యూనిట్ ఎక్కువ కాలిస్తే వెయ్యి దాటేస్తాడు.

మాకు చలికాలంలో 180 యూనిట్ల దాకా వస్తుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, పన్నులు పక్కన పెడితే 724 రూపాయలు. దానికి ఈ 52 కలిస్తే 232 యూనిట్లు, 1,266 రూపాయలు. లైట్ల వాటా 542. యూనిట్‌కు పది రూపాయలు దాటింది! ఆంధ్రప్రదేశ్‌లో ఈ మెట్టు లేదు. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ ఇళ్లన్నిటికీ ఒకటే వరస, పైకి పోయిన యూనిట్లకే పై రేటు. విజయవాడలో ఉండే మా తమ్ముడి ఇంట్లో ఇదే పెరుగుదలకు, పాత లోటు పూడ్చుకోవడానికి వేసే ట్రూఅప్ చార్జీలు కాక, 331 పడుతుంది. ఇక తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వస్తున్న ఇంటికైతే ఈ లెక్క ఇంకా కఠినం. అంకె దాటిన నెల బిల్లంతా కట్టాల్సిందే. అలాంటి ఇంటివాళ్లు అలంకారం కోసం చూరు లైట్లు పెట్టుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను.

చివరికి మేం తొమ్మిది లైట్లకు వచ్చాం. మెట్లు, గేటు, వరండా, వెనక బోరింగు, పక్క సందు. ఒక్కోటి ఏడు వాట్లు, మొత్తం 63. సాయంత్రం ఆరున్నరకు వెలిగి పదకొండున్నరకు ఆరిపోయేలా టైమర్ పెట్టించాను. నెలకు తొమ్మిదిన్నర యూనిట్లు. ఆ చలికాలపు బిల్లు మీద పడేది 45 రూపాయలు.

లైట్ల సంఖ్య కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరమ్మతు. గదిలో బల్బు పోతే కుర్చీ ఎక్కి మార్చుకుంటాం. పై అంతస్తు చూరు కింద లైటు పోతే పొడుగు నిచ్చెన కావాలి, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, అంత చిన్న పనికి ఎవరూ రారు, వస్తే సగం రోజు కూలి అడుగుతారు. వారంటీ రెండేళ్లని డబ్బా మీద ఉంటుంది. కంపెనీ లైటు మార్చి ఇస్తుంది, నిచ్చెన పంపదు. అందుకే మార్కెట్లో 220కి దొరికే లైటును వదిలి 640 పెట్టాను. దుకాణదారు సైతం ఆశ్చర్యపోయాడు, బల్క్‌లో తీసుకుంటే 350 రకం బాగానే పని చేస్తుంది కదా అని.

ఎల్‌ఈడీ లైటులో ముందు పోయేది చాలాసార్లు లోపలి దీపం కాదు, దానికి కరెంటును సరిచేసి అందించే డ్రైవర్. వేడికీ, ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకూ అదే బలవుతుంది. లైటూ డ్రైవరూ ఒకే ముద్దగా అతికించినవి చవక. పోతే మొత్తం పారేయాలి. నేను కొన్నవాటికి డ్రైవర్ విడిగా ఉంటుంది. వాటిని చూరులో దాచకుండా కిటికీ పక్కన, బాల్కనీలో, చెయ్యి అందే ఎత్తులో డబ్బాల్లో పెట్టించాను. డబ్బాలు కనిపిస్తే అందం పోతుందని ఎలక్ట్రీషియన్ గొణిగాడు. ఆ పనికి కూలి కూడా కాస్త ఎక్కువే తీసుకున్నాడు. ఇప్పటివరకు రెండు లైట్లు ఆగిపోయాయి. రెండిటికీ పోయింది డ్రైవరే. కొత్తది 140 రూపాయలు. మెయిన్ ఆపి కిటికీ దగ్గర నిలబడే మార్చారు, ఎవరూ నిచ్చెన ఎక్కలేదు.

లైటు కొనేటప్పుడు దాని డబ్బా మీద ఐపీ 65 అని చూసి తీసుకోండి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. చూరు కింద వాన నేరుగా పడదు కదా అని తక్కువ రకం పెట్టేస్తుంటారు. ఈదురుగాలితో కొట్టే జల్లుకు చూరు అడ్డం కాదు. పైగా శ్లాబు అంచు నుంచి నీళ్లు అడుగు భాగాన్ని పట్టుకుని లోపలికి పాకుతాయి. వాటిని ఆపడానికే మేస్త్రీలు అంచు అడుగున సన్నటి గాడి తీస్తారు. లైటు ఆ గాడికి గోడ వైపున ఉండాలి. మా పనివాళ్లకు ఇది చెప్పాల్సి రాలేదు, కానీ చూసుకోవడం మంచిది.

రంగు విషయంలో మా ఆవిడ మాటే నెగ్గింది. తెల్లగా మెరిసే 6500 కెల్విన్ కాకుండా పసుపు ఛాయ ఉన్న 3000 తీసుకున్నాం. నీలం పాలు ఎక్కువున్న వెలుగుకే పురుగులు ఎక్కువ వస్తాయి. తొలకరి పడ్డ సాయంత్రం ఉసుళ్లు, వాటి కోసం బల్లులు, ఆ వెనక సాలెగూళ్లు, చివరికి గోడ మీద మరకలు. అప్పుడే రంగు వేసిన గోడను పాడుచేసుకోవడం కూడా ఖర్చే. పసుపు వెలుగుకు పురుగులు అసలు రావని కాదు, తగ్గాయి.

సోలార్ లైట్లు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వైరు ఖర్చుండదు నిజమే. అయితే పలక లైటుతోనే కలిసి ఉండే రకాన్ని చూరు కింద పెడితే దానికి ఎండ ఎక్కడిది? ఇక డబ్బు కట్టే దగ్గరికొస్తే, కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామని దుకాణంలో అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కలుపుకుని, నగదుకు ఇచ్చే తగ్గింపు పోగొట్టుకుంటే అది పేరుకే ఉచితం. నగదిచ్చాను.

మొత్తం 15,510 అయింది. లైట్లు 5,760, వైరు, పైపులు, డబ్బాలు 3,400, టైమర్ 850, కూలి 3,600. మరో 1,900 ఆర్‌సీసీబీకి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు నేలకు కారినా సరఫరాను తెంపేసే పరికరం అది. వానలో తడిసే లైటుకు, లోహపు ఒంటికి ఎర్త్ లాగించి ఇది పెట్టకపోతే మిగతా పొదుపంతా వృథా. ఈ ఒక్కచోట ఎవరు తగ్గించుకుందామన్నా నేను ఒప్పుకోను.

ఈ లెక్కలో పరంజా ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. మొదటి అంచనాలో దానికి 6,000 రాశారు. మాకు ఆ ఏడాది ఎలాగూ రంగులు వేయించాలి, అందుకే లైట్ల పని అప్పటిదాకా నాలుగు నెలలు ఆపి పెట్టాను. పెయింటర్లు కట్టిన పరంజా మీదే వైరు లాగించాం, దానికి విడిగా పైసా ఇవ్వలేదు. గోడకు కొట్టిన గాట్లు పూడ్చి లప్పం పెట్టడం కూడా రంగుల పనిలోనే కలిసిపోయింది. తర్వాత చేయించి ఉంటే కొత్త గోడ మీద అతుకులు కనిపించేవి.

మీరు ఈ సంవత్సరం ఇంటికి రంగులు వేయించే ఉద్దేశంలో ఉంటే, పరంజా విప్పకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరు లాగించుకోండి. చేతిలో డబ్బు లేకపోతే లైట్లు వచ్చే ఏడు కొనుక్కోవచ్చు.