ఒడ్డున దించే ఓడ

మా అమ్మ రిటైరైన టీచరు. ఏటా ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తుంది. నాన్న లేరు. గ్రాట్యుటీ డబ్బుతో అంటార్కిటికా చూసొస్తానంటే "ఒక్కదానివీ ఎలా వెళ్తావు వదినా?" అంది మేనత్త.

2022లో విశాఖకి క్రూజ్ ఓడ వచ్చింది. 2023లో క్రూజ్ టెర్మినల్ కట్టారు. వేలమందిని ఎక్కించుకునే అలాంటి ఓడల్లో వినోదమంతా ఓడలోనే. అమ్మకి కావలసింది నేలమీద నడక. అంటార్కిటికా యాత్రాసంస్థలు పాటించే నియమం ప్రకారం ఒకచోట ఒకేసారి 100 మందికి మించి దించకూడదు. 500 మంది దాటిన ఓడ అసలెవర్నీ దించకూడదు. 400 మంది ఉంటే వంతులవారీగా దిగాలి. అందుకే గదుల సోకు కన్నా ముందు ప్రయాణికుల సంఖ్య అడగాలి. రబ్బరు పడవలోకి దిగడానికి మోకాళ్లు సహకరించాలి. చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది, డ్రేక్ జలసంధి దాటడానికే దాదాపు రెండు రోజులు. దాని పక్కనే ఉన్న కేప్ హార్న్‌ని 2018 జనవరిలో తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నేవీ స్త్రీలు చుట్టొచ్చారు. వారిలో మన విశాఖ స్వాతి ఒకరు.

అసలు చిక్కు టికెట్ దగ్గర వచ్చింది. ధర ఇద్దరికో గది లెక్కన వేస్తారు. ఒంటరివాళ్లు అదనంగా కట్టాలి, ఒక్కోచోట దాదాపు రెట్టింపు. భర్త పోయినవాళ్లకీ, పెళ్లి వద్దనుకున్నవాళ్లకీ ఇది జరిమానా కాదా? మేనత్త ప్రశ్నే, అంకెల్లో! మరో స్త్రీతో గది పంచుకుంటే కొన్ని సంస్థలు అదనం వేయవు.

అమ్మ అడ్వాన్సు ఇంకా కట్టలేదు. ఈ ప్రశ్నలన్నిటికీ రాతపూర్వకంగా జవాబిచ్చిన ఓడే ఎక్కుతానంటోంది.