అతనికెలా తెలుసు?

ఉద్యోగవిరమణానంతరం నాకు లభించిన కొలువులలో మా మనవడి చేపలతొట్టెకు నీరు మార్చడం ఒకటి. తొట్టె పొడవు 90, వెడల్పు 40, ఎత్తు 45 సెంటీమీటర్లు. అంచుదాకా నింపితే 162 లీటర్లు. బకెట్లతో తోడిపోయడానికి నా నడుము మొరాయించగా, ఇంటరు చదువుతున్న మావాడు ఒక ఉపాయం చెప్పాడు. అడుగు పలకకు రంధ్రం వేసి గొట్టం బిగిస్తే, కుళాయి తిప్పగానే నీరు తనంత తానే పోతుందట.

వెంటనే తొట్టె అమ్మిన దుకాణానికి ఫోను చేశాను. "నిశ్చింతగా వేసుకోండి మాస్టారూ, అన్ని పలకలూ మామూలు గాజే" అన్నాడు యజమాని. నాకు అది చాలు. డ్రిల్లు అరువు తేవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాను.

"అతనికెలా తెలుసు తాతయ్యా?" అన్నాడు మావాడు.

ఆ ప్రశ్న నన్ను గుమ్మంలోనే నిలిపివేసింది. చాలా ఏళ్ళ క్రితం సంధి పాఠం నడుమ ఒక కుర్రవాడు లేచి, "ఇది ఇలాగేనని మీకెలా తెలుసు మాస్టారూ?" అని అడిగాడు. అందులో ధిక్కారం లేదు, జిజ్ఞాసే ఉంది. "పెద్దలు చెప్పారు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ లేవలేదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నైయాయికుల నాలుగు ప్రమాణాలనూ వల్లెవేసినవాణ్ణి, తరగతిలో మాత్రం ఒక్క శబ్దప్రమాణంతోనే కాలక్షేపం చేశాను. ఇప్పుడు గాజు విషయంలోనూ అదే చేయబోయాను.

చెప్పులు విడిచి కూర్చున్నాను. మావాడు నాకు పాఠం చెప్పాడు.

గాజు రెండు విధాలు. నెమ్మదిగా చల్లార్చినది మామూలు గాజు; దానికి రంధ్రం వేయవచ్చు. రెండవది టెంపర్డ్ గాజు. దానిని 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, ఇరువైపులా గాలి కొట్టి చప్పున చల్లబరుస్తారు. పైపొర ముందుగా గట్టిపడుతుంది; లోపలి భాగం ఆలస్యంగా చల్లారి, ముడుచుకోజూస్తూ పైపొరను లోనికి గుంజుతుంది. అందుచేత పైన నొక్కుడు, లోపల లాగుడు. ఆ బిగువే దాని బలం. డ్రిల్లు ఆ సమతౌల్యాన్ని భంగపరిస్తే పలక మొత్తం ఒక్క క్షణంలో చిన్నచిన్న ముక్కలైపోతుంది. కారు పక్క అద్దాలు పగిలే తీరు ఇదే.

ఈ వింత పాతదే. కరిగిన గాజును నీటిలోకి జారవిడిస్తే తోకకప్ప ఆకారంలో బొట్లు ఏర్పడతాయి. తల సుత్తిదెబ్బకు ఆగుతుంది. తోక తుంచితే మొత్తం పొడి అవుతుంది. 1660లో రూపర్ట్ రాకుమారుడు వీటిని ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు చూపించాడు. 1665లో రాబర్ట్ హుక్ తన మైక్రోగ్రాఫియాలో వీటిని గూర్చి వ్రాశాడు.

కంటికి రెండు గాజులూ ఒక్కటే. మూలన ముద్ర లేనంత మాత్రాన మామూలు గాజని చెప్పలేము. అయితే ఒత్తిడిలో ఉన్న గాజు తనగుండా పోయే ధ్రువణకాంతిని మారుస్తుందని 1815 ప్రాంతంలో డేవిడ్ బ్రూస్టర్ కనుగొన్నాడు. ల్యాప్‌టాప్ తెర నుండి వచ్చేది అటువంటి కాంతే. కావలసిందల్లా పోలరైజ్డ్ కళ్ళజోడు. మా కోడలు కారు నడిపేటప్పుడు పెట్టుకునేది తెచ్చి తెర ముందు తిప్పి చూశాము. ఒక కోణంలో తెర నల్లబడింది; జోడు పనికివస్తుందన్నమాట.

చేపలను టబ్బులోకి మార్చి, ఖాళీ తొట్టెను పక్కకు పడుకోబెట్టి, అడుగు పలక వెనుక తెల్లని తెరను ఉంచాము. పైమూత వైపు నుండి చూస్తూ జోడును మెల్లగా తిప్పాడు. తెర నల్లబడిన చోట, పలక మీద మచ్చలు మచ్చలుగా వెలుగునీడలు వరుస తీరాయి! నేనూ చూశాను. నోట మాట రాలేదు. ఆ పలక మీదనే, మరికాసేపట్లో, వాడు ముఖం వంచి డ్రిల్లు పెట్టవలసినవాడు.

తర్వాత వెనుక పలక. ఇక్కడ జోడును తొట్టె లోపలికి దించి పట్టుకున్నాడు. లేకుంటే ముందు పలకను కూడా కలిపి చూసినట్లవుతుందట. ఎన్ని కోణాలలో తిప్పినా మచ్చలు లేవు. అంతటా ఒకే చీకటి, ఒకే వెలుగు.

రంధ్రం వెనుక పలకకే వేశాము, అంచుల నుండి రంధ్రపు వ్యాసానికి మించిన దూరంలో. వజ్రపు పొడి అతికిన బిట్టు, బ్యాటరీ డ్రిల్లు, కళ్ళకు రక్షణ. నేను నీరు చిలకరిస్తూ ఉంటే, వాడు నొక్కకుండా, తొందరపడకుండా అరగంటకు పైగా తిప్పాడు. గుండ్రని బిళ్ళ ఊడి చేతిలో పడింది. ఇప్పుడు నీరు సగం పైన అదే పోతుంది. అడుగున మిగిలినది నేను తోడుతున్నాను. నడుముకు పూర్తి విముక్తి లేదు.

దుకాణదారు అబద్ధమాడాడని అనను. తనకెవరో చెప్పినది నాకు చెప్పి ఉంటాడు. నేనూ తరగతిలో చేసినది అదే కదా.

ఆ కుర్రవాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడైనా తారసపడితే, ఆనాటి ప్రశ్న మళ్ళీ అడగమంటాను. ఈసారి కూర్చోమనను.