దొంగల డెక్కు, కాగితం కోతి

దొంగల డెక్కుని దొంగ కార్డులతో కట్టొచ్చా? వినడానికి జోకులా ఉంది గానీ, బోథ్‌లో సెలవులకి చేరిన మేం నలుగురం దీనిమీద గట్టిగానే వాదించుకున్నాం.

ఆట మ్యాజిక్: ద గ్యాదరింగ్. గణితం చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేస్తే 1993లో వచ్చింది. మేం ఆడేది కమాండర్ పద్ధతి. తలా 100 కార్డులు, 40 లైఫ్ పాయింట్లు. మామూలు భూమి కార్డులు తప్ప ఏదీ రెండోది ఉండకూడదు. మా అక్క కొడుక్కి ఓడదొంగలు కావాలిట. "సముద్రం లేని ఊళ్ళ ఓడదొంగలేందిరా?" అంటే, "పొచ్చెర జలపాతం ఉంది కద మామా!" అన్నాడు.

నాయకురాలు 2017 నాటి ఇక్సలాన్ సెట్‌లోని అడ్మిరల్ బెకెట్ బ్రాస్. ఒకే టర్నులో ముగ్గురు దొంగలు ఒకే ఆటగాణ్ణి కొడితే, టర్ను చివర అతని కార్డు ఒకటి (భూమి కానిది) మనదైపోతుంది. అందుకే పెద్ద రాక్షసుల జోలికి పోలేదు. తక్కువ ఖర్చుతో త్వరగా దిగే చిన్న దొంగలు ముప్పై మంది, భూములు 37. నలుగురి ఆటలో కాపలా లేనివాడు ఎవడో ఒకడు దొరుకుతాడు. కాకపోతే ఒక్కసారి దోచామా, ముగ్గురూ మన మీదే పడతారు! అందుకని బల్లంతా ఊడ్చేసే కార్డులు నాలుగు కలిపాం.

చిక్కల్లా రాగవన్ అనే కోతి దొంగతో వచ్చింది. 2021లో వచ్చినప్పుడు ఆ ఒక్క కార్డే వేల రూపాయలు పలికింది. మావాడు తెల్లకాగితం మీద దాని వివరాలు బాల్‌పెన్నుతో తెలుగులో రాసుకుని కవర్లో దూర్చాడు. "ఇది పైరసీ" అన్నాడు మా తమ్ముడు.

నేనైతే ఒప్పుకోను. నకిలీ అంటే అసలుదని నమ్మించి అమ్మేది. బాల్‌పెన్ను కోతిని చూసి మోసపోయేదెవరు? సొంతంగా, వ్యాపారం కాకుండా ఆడుకునే ఇలాంటి కార్డుల జోలికి రామని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీయే 2016లో చెప్పింది. అధికారిక పోటీల్లో మాత్రం అసలువే ఉండాలి. న్యాయమే కదా.

నా లెక్కలో షరతులు మూడు. ఆటకి ముందే చెప్పాలి, అందరూ ఒప్పుకోవాలి, ఆ వెసులుబాటు అందరికీ ఉండాలి. లేకపోతే తెలివికంటే జేబుదే గెలుపు. ఎనిమిదో తరగతి పిల్లాడు పెద్దాళ్ళతో సమానంగా ఎలా కూర్చుంటాడు? అదే కార్డుని రంగుల్లో ప్రింటు తీసి ఎవరికైనా అంటగడితే మాత్రం నేనూ తమ్ముడి వైపే.

వాడింకా ఒప్పుకోలేదు. మీరైతే ఏమంటారు?