నలుపులో నునుపూ గరుకూ

స్నానాలగదిని ఒకే రంగులో కట్టించాలనుకునేవాళ్లు చాలామంది రంగు దగ్గర మొదలుపెట్టి రంగు దగ్గరే ఆగిపోతారు. నల్లగది అనుకుంటే చాలు, నేలా గోడా గట్టూ అన్నిటికీ ఒకే నిగనిగల నల్ల టైల్స్. తీరా చూస్తే గది ముభావంగా ఉంటుంది, నింద నలుపు మీదికి పోతుంది. నిజానికి రంగు ఒక్కటే అయినప్పుడు గదిని నిలబెట్టే భారం రాతి ముఖం మీద పడుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీనే తీసుకోండి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్యాబ్రో జాతి రాయి. అందులోని బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. పాలిష్ పట్టిన పలక మీద పడ్డ వెలుగు ఒకే దిక్కుకు తిరిగిపోతుంది గనక, ఆ దారిలో లేని కంటికి అది చిక్కటి నలుపు. అదే రాయిని గరుకు బ్రష్షులతో రుద్ది లెదర్ ఫినిష్ చేస్తే సన్నటి మిట్టపల్లాలు తేలతాయి, వెలుగు చెదురుతుంది, నలుపు కాస్త పలచబడుతుంది. నీళ్లు పడగానే మళ్లీ ముదురుతుంది. ఒక్క రాతిలోనే ఇన్ని నలుపులుంటే విసుగు పుడుతుందన్న భయానికి తావేది?

గరుకు రాతికి మురికి పడుతుందని, పాచి కడుతుందని తుడిచేవాళ్లు అనే మాటను కొట్టిపారేయలేం. కానీ పాచికి ముందు కావాల్సింది నిలిచిన నీళ్లు. నేలకు వాలు సరిగా ఉంటే సగం బెడద పోతుంది. పైగా సబ్బునీళ్లు పారే చోట కాలికి పట్టు దొరికేది గరుకు మీదే. అసలు చిక్కు బోరునీళ్లతో. కుళాయి చుట్టూ ఆరిన చుక్కల్లో మిగిలే సున్నం తెల్ల టైల్ మీద కనపడదు గానీ, నల్ల పాలిష్ మీద ముగ్గేసినట్టు తేలుతుంది. దీనికి ఉన్నది సగం జవాబే. షవర్ కింద లెదర్ ఫినిష్ వేసి, పాలిష్ పలకను నీళ్లు చిమ్మని గోడకు ఉంచుకోవాలి. బేసిన్ గట్టుకు మాత్రం రోజూ పొడిగుడ్డ తప్పదు. ఖర్చు కలిసొస్తుందని కడప నల్లబండో, తాండూరు బూడిదబండో వేయించేవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. రెండూ సున్నపురాళ్లే. మరక వదలాలని యాసిడ్ పోస్తే రాతి ముఖం కూడా కరిగి, మచ్చలు శాశ్వతంగా మిగులుతాయి. మరకా సున్నమే, రాయీ సున్నమే. యాసిడ్‌కు తేడా ఏం తెలుసు?

ఇరుకు గది చీకటైపోతుందన్నది ఇంకో అభ్యంతరం. నలుపు వెలుగును ఎక్కువ తాగుతుంది, కాదనను. కిటికీ లేకపోతే బూడిదరంగుకు దిగడమే తెలివి. కానీ చాలా గదుల్లో లోపం దీపం తగిలించిన చోట ఉంటుంది. కప్పు నడుమ ఒక్క బల్బు పెడితే వెలుగు గోడకు సూటిగా తగిలి గరుకంతా చదునుగా కనిపిస్తుంది. లెదర్ ఫినిష్‌కు పెట్టిన డబ్బు వృథా. దీపాన్ని గోడకు జానెడు దూరంలో, వెలుగు గోడవెంట కిందికి జారేలా పెడితే ప్రతి మిట్ట పక్కనా చిన్న నీడ పడుతుంది. అంచేత రాళ్ల కొట్టుకు వెళ్లేముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుకోవాలి. గాడి కొట్టి, పైపులేసి, ప్లాస్టరింగ్ అయ్యాక పాయింట్ జరపమంటే మేస్త్రీ ఊరుకోడు.